సుభద్రాంబ కప్పు సంక్షిప్త చరిత్ర

చింతలగిరి రేస్ క్లబ్బులో ఏటా డిసెంబరు చివర జరిగే సుభద్రాంబ కప్పు పోటీకి రెండు విశేషాలున్నాయి. ఒకటి, అందులో ఆడగుర్రాలు మాత్రమే పరుగెత్తాలి. రెండు, అందులో ఆడగుర్రాలు పరుగెత్తకూడదు. ఈ రెండోది మొదట్నుంచీ ఉన్నది కాదు. క్లబ్బువారి కృషి వల్ల క్రమక్రమంగా వచ్చింది. ఆ క్రమాన్నే చరిత్ర అంటారు.

ముందు మొదలు సంగతి. పాతకాలపు చింతలగిరి జమీందారు గారికి గుర్రాల పిచ్చి. ఆయన మగగుర్రాలకి మైలు పందెం పెట్టి, "ఆడగుర్రాలకి పందెమెందుకు? పిల్లల్ని కనడానికి పరుగెత్తనక్కర్లేదు" అని దివాణంలో అందరి ముందూ సెలవిచ్చారట. తెర వెనక నుంచి రాణీ సుభద్రాంబ గారు, "మీ మగగుర్రాలు మైలు పరిగెత్తి మూడు రోజులు మూలుగుతాయి. మావి పరిగెత్తడం మొదలుపెట్టేదే మైలు దాటాక" అన్నారట. అని ఊరుకోలేదు. తన వడ్డాణం కరిగించి కప్పు చేయించారు. మైలుకి ఇంకో ముప్పావు మైలు కలిపి, ఆడగుర్రాలకి మాత్రమే పందెం చాటించారు. నడుముకి ఉన్న బంగారం అలా నాలుగు కాళ్ళని నడిపించింది.

ఆడగుర్రాల్లో మళ్ళీ రెండు రకాలు. నాలుగేళ్ళ దాకా పడుచుది; దాన్ని ఫిల్లీ అంటారు. పిల్లి కాదు, పిల్లే. ఐదో ఏడు వచ్చిందంటే మేర్. మేర్ అయ్యాక దానికో మేర ఏర్పడుతుంది; ఆ మేరకే మేత. ఇక మధ్యలో కంచెలూ గోతులూ దూకే పని లేకుండా చదునైన నేలమీద పరుగు కాబట్టి దీన్ని ఫ్లాట్ రేసు అన్నారు. ఈ ఫ్లాట్ అనే మాటని పాఠకులు కాస్త జేబులో వేసుకుని ఉంచండి. ముందుముందు అవసరపడుతుంది.

ఈ కప్పు కోసం తపించిపోయినవాడు వరహాలు. పేరులో తప్ప ఒంటిమీద ఎక్కడా వరహా లేనివాడు. క్లబ్బు లాయంలో గుర్రాలకి పరుగు నేర్పే ట్రైనరు. అతని చేతికింద చాలా గుర్రాలు వచ్చాయి, పోయాయి. పోకుండా ఉండిపోయింది మందాకిని.

మందాకిని ముదురు గోధుమరంగు గుర్రం. నుదుటి మీద తెల్లటి చుక్క, విభూది పెట్టబోయి చెయ్యి జారినట్టు పక్కకి ఉంటుంది. దానికో అలవాటు. పందెం మొదలుపెట్టే ఆసామి జెండా ఎత్తగానే మిగతా గుర్రాలు ముందుకి ఉరకడానికి మెడలు చాస్తాయి. మందాకిని మాత్రం వెనక్కి నడుస్తుంది. నాలుగడుగులు వేసి ఆగి, పెళ్ళికి బయల్దేరిన ముత్తైదువ తాళం వేశానో లేదో అని వెనక్కి వచ్చి చూసుకున్నట్టు ఒకసారి చుట్టూ చూసి, అప్పుడు బయల్దేరుతుంది. అప్పటికి మిగతావి చాలా దూరం పోయి ఉంటాయి. కానీ ఒకసారి బయల్దేరిందా, ఇక దానికి అలుపన్నది లేదు. మైలు దాటాక దానికి ఊపిరొస్తుంది. మిగతావాటికి పోతుంది.

"ఇది ఎనక్కెల్లేది బయ్యమేసి కాదురా రహమతూ," అనేవాడు వరహాలు దాని మీద స్వారీ చేసే జాకీతో. "పొట్టేలు ఎనక్కెల్లి గుద్దదేటి? అలాగన్నమాట."

"పొట్టేలుకి కొమ్ములుంటయ్ అన్నా. దీనికి జిద్దు ఒక్కటే ఉంది," అనేవాడు రహమతు. హైదరాబాదు నుంచి వచ్చి చింతలగిరిలో చిక్కుకుపోయిన సన్నటి మనిషి. "రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తదంటరు గదా. మనది నాలుగు కాళ్ళమీదనే నడుస్తది, గానీ ఎనకకు."

మూడో ఏట మందాకిని మొదటిసారి సుభద్రాంబ కప్పులో దిగింది. అలవాటు ప్రకారం వెనక్కి నడిచింది, అందరికన్నా ఆఖర్న బయల్దేరింది, ముక్కు వాసిలో రెండో స్థానానికి వచ్చింది. ఇంకో పది గజాలుంటే గెలిచేదే. వరహాలు ఏడవలేదు సరికదా నవ్వాడు. వచ్చే ఏడు కప్పు ఎవరిదో అతనికి తెలిసిపోయింది.

కానీ ఆ వచ్చే ఏడు రాకముందే ఉత్తర్వు వచ్చింది.

అఖిల ప్రాంత అశ్వ ప్రతిష్ఠా మండలి అని ఒకటుంది. ఏ పందానికి ఎంత ప్రతిష్ఠ ఉందో తూచి ముద్ర వేయడం దాని పని. ఆ ఉత్తర్వుని క్లబ్బు కార్యదర్శి త్రిపురాంతకం గారు సమావేశంలో చదివి వినిపించారు. త్రిపురాంతకం గారు గుర్రమెక్కి ఎరగరు. ఎక్కడం దిగడం అన్నీ తీర్మానాల మీదనే. ఆయన పక్కన పెద్ద కుర్చీలో అధ్యక్షులు, సుభద్రాంబ గారి మనవడు, శ్రీ రాజా భీమశంకర భూపతి గారు. గుర్రాల క్లబ్బుకి గుర్రు పెట్టే అధ్యక్షుడు. కళ్ళు మూసుకుని ఆమోదించడం ఆ వంశంలో ఆయనతోనే మొదలైంది.

"ఇందుమూలముగా తెలియజేయడమేమనగా," అని చదివారు త్రిపురాంతకం గారు. "ప్రగతి యనగా నిన్నటి రికార్డును నేడు భగ్నము చేయుట. కావున ప్రతి పందెమునందును గత సంవత్సరపు సమయము కన్న తక్కువ సమయము విధిగా నమోదు కావలెను. కానిచో సదరు పందెమునకు గల 'మహా ప్రతిష్ఠాత్మక' హోదా రద్దు చేయబడి, కేవలము 'ప్రతిష్ఠాత్మక'గా పరిగణింపబడును."

సభలో అందరూ ఒక్కసారి ఊపిరి పీల్చారు. అధ్యక్షుల వారు మాత్రం ఎప్పటిలాగే వదిలారు.

వరహాలు గోడ దగ్గర నిలబడి చెయ్యెత్తాడు. ట్రైనర్లు సమావేశాల్లో నిలబడి వినొచ్చు, కూర్చుని మాట్లాడకూడదని నియమం.

"బాబూ, గుర్రానికి కాళ్ళు నాలుగే ఉంటాయి కదండీ. ప్రెతీ ఏడూ ఇంకా బేగి, ఇంకా బేగి అంటే ఎలాగవుద్ది? ఓ ఏడు ఎండుంటాది, ఓ ఏడు వానుంటాది..."

"వరహాలూ! అది గుర్రాల కోణం. మనం వ్యవస్థ కోణంలో ఆలోచించాలి," అన్నారు త్రిపురాంతకం గారు. "సమయం తగ్గాలన్నారు గానీ గుర్రం వేగంగా పరిగెత్తాలని మండలి వారు ఎక్కడైనా అన్నారా? అనలేదు. గుర్రాన్ని మార్చలేం. నేలని మార్చగలం. దూరం తగ్గిద్దాం."

చప్పట్లు మోగాయి. ఆ ఏడు పావు మైలు తగ్గించారు. రికార్డు బద్దలైంది. పందెం చూడ్డానికి వచ్చిన మండలి ప్రతినిధి, "ఈ క్లబ్బు గుర్రాలు అద్భుతంగా పురోగమిస్తున్నాయి" అని మెచ్చుకుని దండ వేయించుకున్నారు. మందాకిని మూడో స్థానంలో వచ్చింది. ముగింపు గీత దాటాక కూడా ఆగకుండా పరిగెత్తి, తీసేసిన ఆ పావు మైలు చివర వరకూ పోయింది. అక్కడికి మిగతా అన్ని గుర్రాల కన్నా ముందే చేరి, అక్కడ ఎవరూ లేకపోయేసరికి బిత్తరపోయి నిలబడింది.

మరుసటేడు అర మైలు తగ్గింది. ఆ పై ఏడు ఇంకొంత. ఇలా పందెం పొట్టిదవుతుంటే ఖాళీ అయిన నేల ఊరికే ఎండకి ఎండడం చూసి త్రిపురాంతకం గారి మనసు కరిగింది. అక్కడ సభ్యుల కోసం అంతస్తుల మేడలు కట్టించారు. పాఠకులు జేబులోంచి ఆ మాట తీయవచ్చు. ఫ్లాట్ రేసుని ఫ్లాట్లు మింగాయి. గుర్రాలు పరిగెత్తే పాత బాట మాత్రం చెడగొట్టకుండా మేడల చుట్టూ ఉంచేశారు. ఫ్లాట్లవారు పొద్దున్నే దాని మీద నడిచేవారు. గుర్రాలు నిలబడుతుంటే మనుషులు పరిగెత్తడాన్ని ఆరోగ్యం అంటారు.

ఏటేటా మందాకినికి ఊపిరొచ్చే చోటు ముగింపు గీతకి ఇంకాస్త దూరమైపోయేది. మూడో స్థానం నుంచి ఐదుకీ, ఐదు నుంచి ఆఖరికీ వచ్చింది. త్రిపురాంతకం గారి బావమరిది కొన్న ఒక ఫిల్లీ మాత్రం బాగా వృద్ధిలోకి వచ్చింది. దానికి వంద గజాలు దాటితే ఆయాసం. వంద గజాల పందెం పెట్టిన ఏడు కప్పు దానిదే.

చివరికి మొదలు గీతా, ముగింపు గీతా ఒకటే అయ్యే రోజు వచ్చింది.

ఆ ఏడు పందెం చాలా ప్రశాంతంగా జరిగింది. గుర్రాలన్నిటినీ గీత మీద నిలబెట్టారు. జెండా ఎత్తారు. దించారు. అయిపోయింది. సున్నా సెకన్లు! పాల్గొన్న గుర్రాలన్నీ గెలిచినట్టు ప్రకటించి, కప్పుని మాత్రం నిలబడ్డ తీరులో హుందాతనం చూసి బావమరిది గారి ఫిల్లీకి ఇచ్చారు.

అన్నీ గెలిచాయి అన్నాను కదూ. ఒక్కటి ఓడింది. జెండా ఎత్తగానే మందాకిని అలవాటుగా వెనక్కి నడిచింది. గీత మీద లేదు. దూరమే లేని పందెంలో ఓడిపోయిన గుర్రం ఈ భూప్రపంచంలో అదొక్కటే.

ఆ మధ్యాహ్నమే వరహాలు వేళ్ళ మీద ఏళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

దానికి కారణం వేరే ఉంది. క్లబ్బులో పాత నియమం ఒకటుంది. ఒక్క పందెమైనా గెలవకుండా పదేళ్ళు నిండిన ఆడగుర్రానికి లాయంలో గది ఉండదు. వేలంలోకి పోవాలి. రేసు గుర్రాలన్నిటికీ పుట్టినరోజు ఒకటే, జనవరి ఒకటి. అది ఏ తల్లి కడుపున ఏ రోజు పుట్టినా సరే. ఈసారి జనవరి వచ్చేసరికి మందాకినికి తొమ్మిది. అంటే ఇంకొక్క డిసెంబరే ఉంది.

ఆ సంగతి వరహాలు కన్నా బాగా తెలిసినవాడు గురునాథం. ఊళ్ళో పెళ్ళి ఊరేగింపులకి గుర్రాన్నీ, బ్యాండునీ, రంగు దీపాలనీ కలిపి పంపే మనిషి. వాడు ఒకరోజు జలతారు గుడ్డా, కొలతబద్దా పట్టుకుని లాయానికే వచ్చాడు.

"ఒకపాలి నడుం కొలుసుకుంటానన్నా. ఇప్పుడు కుట్టించి పెడితే మాగమాసం ముహూర్తాలకి సరిపోద్ది," అన్నాడు.

"ఎవుల నడుం?" అన్నాడు వరహాలు.

"గుర్రందే. నీ నడుం నాకెందుకు? మంచి నిదానమైన గుర్రమంట కదా. జెండా ఎత్తినా కదల్దంట. మా బ్యాండు సెవికాడ వాయిస్తే బెదరని గుర్రం కావాలి మాకు. కాళ్ళకి గజ్జెలు కడతాం. నెత్తి మీద కుచ్చు పెడతాం. పెళ్ళికొడుకు బరువెక్కువైతే..."

"బేగి ఎల్లు," అన్నాడు వరహాలు. "అది ఎనక్కి నడుస్తాది. తన్నేది కూడా ఎనక్కే."

గురునాథం కొలతబద్ద వదిలేసి వెళ్ళిపోయాడు. కానీ ఇంటికొస్తే పెళ్ళాం పైడితల్లి దగ్గర వరహాలుకి అంత తేలిగ్గా జరగలేదు.

"ఏటయ్యా, గుర్రం మొకమూ నీ మొకమూ ఒక్కలాగే ఏలాడిపోనాయి?" అంది చేపల పులుసు గిన్నె దింపుతూ. "నానొకసారి పుట్టింటికి ఎల్లిపోతానంటే ఇంత బెంగెట్టుకోలేదు."

"నువ్వు మళ్ళీ వస్తావని తెల్సు కదే."

"అది రాదని ఎవులు సెప్పారు? ముందుకి ఎల్లడం రాదు గానీ ఎనక్కి రావడం దానికి రాపోవడమేటి?" అని నవ్వి, మొగుడు నవ్వకపోవడం చూసి గరిటె పక్కన పెట్టింది. "ఒగ్గేయ్ మావా. ఆ కార్యదర్శి బాబుకి ఏదో ఒక తిక్క పుట్టకపోదు. ఇన్ని తిక్కలు దానికి ఎదురొచ్చాయి. ఒక్క తిక్క కలిసి రాదేటి?"

తిక్క నిజంగానే తరవాతి సమావేశంలో పుట్టింది.

సమస్య పెద్దది. కిందటేడు రికార్డు సున్నా. ఈ ఏడు దాన్ని బద్దలుకొట్టాలి. సున్నా కన్నా తక్కువ సమయం కావాలి. సభ్యులు తలలు పట్టుకున్నారు. ఒకాయన గడియారాన్ని వెనక్కి తిప్పుదామన్నాడు. ఇంకొకాయన ఈ ఏటి పందాన్ని కిందటేడే జరిపినట్టు తీర్మానిద్దామన్నాడు. అధ్యక్షుల వారు గుర్రు స్థాయి పెంచారు.

త్రిపురాంతకం గారు లేచారు. జీను వేయని జీనియస్సు ఆయన.

"సోదరులారా! మనం ఇన్నాళ్ళూ ముగింపు గీతను మొదలు గీత వైపు జరుపుతూ వచ్చాం. ఆ రెండూ కలిశాయి. కలిశాయి కదా అని ఆగిపోయామా? ప్రగతికి ఆగడం లేదు! ఇదే దిశలో ఇంకొంచెం జరుపుదాం. ముగింపు గీత మొదలు గీతకి వెనక వస్తుంది. తద్వారా గుర్రం ప్రారంభించడానికి పూర్వమే పూర్తి చేసే అవకాశం సిద్ధిస్తుంది. సమయం సున్నాకి దిగువన నమోదవుతుంది!"

ఎవరో ఒకాయన సందేహంగా, "మరి గుర్రాలు ముందుకి కదా ఉరుకుతాయి?" అన్నాడు.

"అది శిక్షకుల బాధ్యత. విధానం మనది, అమలు వారిది," అన్నారు త్రిపురాంతకం గారు.

"ఈ ఏడు కొత్తగా తెప్పించిన మొదలుపెట్టే గేటుకి వెనక తలుపులున్నాయి కదండీ?"

"తీయించేద్దాం. ప్రగతికి వెనక తలుపులు అడ్డు కారాదు."

"జెండా దించకముందే కదిలితే దొంగ పరుగు అవుతుంది గదా? గుర్రాన్ని పందెం నుంచి తీసేస్తాంగా?"

"నిబంధన సరిగా చదవండి. 'జెండా దించుటకు పూర్వము ముందుకు కదలరాదు' అని ఉంది. వెనక్కి కదలరాదని లేదు."

గోడ దగ్గర నిలబడ్డ వరహాలు చెయ్యెత్తాడు. ఇన్నేళ్ళలో ప్రతి తీర్మానానికీ 'అదేటండీ బాబూ' అన్నవాడు మొట్టమొదటిసారి, "బలే సెప్పేరు బాబూ. నాను బలపరుస్తన్నాను" అన్నాడు.

త్రిపురాంతకం గారికి కళ్ళు చెమర్చాయి. "చూశారా! కింది స్థాయికి కూడా అవగాహన చేరుతోంది!"

ఆ సాయంత్రం నుంచి చింతలగిరి లాయంలో వింత మొదలైంది. ట్రైనర్లందరూ గుర్రాలకి వెనక్కి నడవడం నేర్పుతున్నారు. ఒకరు ముందు నుంచి గొడుగు తెరిచి భయపెట్టారు. ఒకరు తోక దగ్గర తవుడు పెట్టారు. ఆ గుర్రం దౌడు తీయలేదు, వెనక్కి తిరిగి తవుడు తినేసింది. బావమరిది గారి ఫిల్లీకైతే వెనకచూపు అద్దాలు తగిలించారు. అది అందులో తన అందం చూసుకుంటూ కదలడం మానేసింది.

"మనం ఏం నేర్పాలి అన్నా?" అన్నాడు రహమతు.

"ఏటీ నేర్పకు. కళ్ళెం ముట్టుకోకు. ఇన్నేళ్ళూ నీతో తిట్లు తిన్న పనేదో దాన్నే సేసుకోనీ," అన్నాడు వరహాలు. అని చెప్పినవాడు తను మాత్రం వారం రోజులు దేవుడికి దణ్ణం పెట్టుకుంటూ తిరిగాడు. జీవితమంతా 'ఈ ఒక్కసారి ముందుకెళ్ళేట్టు చూడు సామీ' అని మొక్కుకున్నవాడు, 'ఈ ఒక్కసారి ముందుకెళ్ళకుండా చూడు' అంటే అప్పన్న స్వామి ఏమనుకుంటాడోనని ఆ భయం వేరే.

పందెం రోజు వచ్చింది. మండలి ప్రతినిధి వచ్చారు. దండ వచ్చింది. గురునాథం కూడా జలతారు గుడ్డ చంకలో పెట్టుకుని వచ్చి కంచె దగ్గర నిలబడ్డాడు. ఫ్లాట్ల బాల్కనీల్లో జనం తక్కువ. గుర్రాలు నిలబడడం చూడ్డానికి ఎవరు వస్తారు? ఒకావిడ తడి చీర ఆరేస్తోంది. ఇంకో ఆయన పేపరు చదువుతున్నాడు. అధ్యక్షుల వారు యథాస్థానంలో యథానిద్రలో ఉన్నారు.

గుర్రాలు గేటులోకి వచ్చాయి. వెనక తలుపులు లేవు. వెనక నాలుగడుగుల దూరంలో సున్నంతో కొత్త ముగింపు గీత. దాని పక్కన గడియారం పట్టుకుని సమయం చూసే ఉద్యోగి, ఇలాంటి ఉద్యోగం ఎందుకు వచ్చిందా అన్న ముఖంతో.

జెండా పైకి లేచింది.

అన్ని గుర్రాలూ మెడలు చాచాయి. మందాకిని చెవులు ఒకసారి ఆడించింది. కదల్లేదు.

వరహాలు కంచె పట్టుకుని ముందుకి వంగాడు. వయసు మీద పడి అలవాటు మర్చిపోయిందా? లేక మొక్కు ఆలస్యంగా ఫలించి ఇవాళే ముందుకు ఉరుకుతుందా? "తల్లీ, తాళం ఎయ్యలేదేమో సూసుకో," అన్నాడు.

మందాకిని వెనక కాలు ఎత్తింది. వెనక్కి వేసింది. తరవాత ఇంకోటి. నింపాదిగా, హుందాగా, కొత్త కోడలు పెద్దవాళ్ళకి వీపు చూపకుండా గదిలోంచి వచ్చినట్టు వెనక్కి నడిచి, తోకతో సున్నపు గీత తుడిచి, మొత్తం గుర్రం గీత దాటి నిలబడింది. చుట్టూ ఒకసారి చూసింది.

అప్పుడు జెండా దిగింది.

"మైనస్ రెండు సెకన్లు!" అని అరిచాడు గడియారం ఉద్యోగి. అరిచాక, తను అరిచినది తనకే అర్థంకాక కుర్చీలో కూలబడ్డాడు. మిగతా గుర్రాలన్నీ జెండా దిగిన మరుక్షణం, నేర్పిన పాఠాలు అక్కడే వదిలేసి, పుట్టుబుద్ధి ప్రకారం ముందుకి ఉరికాయి. త్రిపురాంతకం గారు వేదిక మీద చేతులెత్తి, "రికార్డు! చారిత్రక రికార్డు!" అని ఇకిలించారు. మందాకిని సకిలించింది.

రహమతు దిగబోయాడు. దిగలేకపోయాడు. ఎందుకంటే మందాకినికి చుట్టూ చూడడం పూర్తయింది. ఆ తరవాత ఏం చేయాలో దానికి ఎప్పట్నుంచో తెలుసు.

బయల్దేరింది.

"అరె రోకో! అన్నా, ఇది ఆగుతలేదు! గెలిచినం అని చెప్పన్నా దీనికి!" అని రహమతు అరుస్తూనే ఉన్నాడు. మందాకిని ముందున్నవాటి వెంట పడింది. ఆ ముందున్నవి వంద గజాలు దాటాక ఎటు పోవాలో తెలియక, పాత బాట పట్టుకుని ఫ్లాట్ల చుట్టూ పరుగు పెట్టాయి. డెక్కల చప్పుడుకి పేపరు ఆయన లేచాడు. చీర ఆవిడ చీర వదిలేసింది. అది పోయి బావమరిది గారి ఫిల్లీ ముఖానికి చుట్టుకుంది. ఒక బాల్కనీ నిండింది, తరవాత రెండు, తరవాత అన్నీ. నిజంగా పరిగెత్తే గుర్రాన్ని చూసి ఊరికి ఎన్నేళ్ళయిందో! "అదుగో, చుక్కగుర్రం! చుక్కగుర్రం వస్తోంది!" అని పిల్లలూ పెద్దలూ ఒకటే గోల.

మొదటి మలుపులో బావమరిది గారి ఫిల్లీ ఆయాసపడి, చీరతో సహా ఎవరిదో పూలతోట ముందు ఆగి క్రోటన్లు తినడం మొదలుపెట్టింది. ఇంకో మలుపులో మరో రెండు ఆగాయి. మైలు దగ్గర మందాకినికి ఊపిరొచ్చింది. మెడ చాచింది. అన్నిటినీ దాటింది. దాటాక కూడా ఆగలేదు. సుభద్రాంబ గారు కొలిపించిన ఆ మైలూ ముప్పావూ పూర్తిచేసి, పాత బాట చివరనున్న లాయం ముందు, తన గది ముందు వచ్చి ఆగింది.

ఆ గోలకి అధ్యక్షుల వారు మెలకువొచ్చి లేచి నిలబడ్డారు. "ఇదీ మా నాయనమ్మ పందెం!" అన్నారు కళ్ళు నులుముకుంటూ. "మధ్యలో ఈ మేడలెవరు కట్టారయ్యా?"

త్రిపురాంతకం గారు అప్పటికే విచారణ మొదలుపెట్టారు.

"వరహాలూ! నీ గుర్రం మీద తీవ్ర అభియోగం వచ్చింది. పందెం ముగిసిన పిమ్మట, రేస్ కోర్సు ఆవరణలో, బహిరంగంగా, మండలి ప్రతినిధి సమక్షంలో పరిగెత్తింది. ఇది క్లబ్బు సంప్రదాయానికే మచ్చ. దీని ఫలితంగా గెలుపు రద్దు చేయవలసి ఉంటుంది."

కంచె దగ్గర గురునాథం జలతారు గుడ్డ దులిపాడు.

వరహాలు తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. "రద్దు సెయ్యండి బాబూ. తవరిష్టం. నాదొక్కటే సందేహం. దాని గెలుపు రద్దయితే, ఆ మైనస్ రెండు కూడా రద్దవుద్దా, ఉండిపోద్దా?"

మండలి ప్రతినిధి దండ సవరించుకుని ముందుకి వంగారు. మైనస్ రెండు పోతే మిగిలేది ఏమిటి? మిగతా గుర్రాలేవీ ముగింపు గీత వైపు మొహమే పెట్టలేదు. రికార్డు బద్దలు కాదు. 'మహా' పోతుంది. కేవలం 'ప్రతిష్ఠాత్మకం' మిగులుతుంది.

"అయినా అది పరిగెట్టలేదు బాబూ," అన్నాడు వరహాలు మెల్లగా. "గెలిసిన గుర్రానికి లాయంలో గదుంటాదని నియమం. గెలిసింది. దాని గది కాడికి అది ఎల్లింది. ఇంటికెల్లడం కూడా తప్పేటండీ?"

"అంత వేగంగానా?"

"ఇల్లు నిలబడిందన్న సంబరం కదండీ!"

త్రిపురాంతకం గారు గొంతు సవరించుకున్నారు. "సదరు అశ్వము పరిగెత్తలేదనియు, స్వగృహమునకు మరలినదనియు విచారణలో తేలినది. గెలుపు ఖాయము చేయడమైనది." పరుగు పోయినా పరువు దక్కింది. జలతారు గుడ్డ మడతపడింది. కప్పు తీసుకెళ్ళడానికి పైడితల్లి ముందుకొచ్చి, "ఏటి, ఇంత బరువా? ఆ రాణీగారు ఇది నడుముకి ఎలా మోసిందో!" అని వడ్డాణం తిరిగి నడుముకి చేరినట్టు చంకనెత్తుకుంది.

వరహాలు లాయం వైపు పరిగెత్తాడు. మందాకిని గది ముందు నిలబడి ఎగపోస్తోంది. ఒళ్ళంతా నురుగు, పక్కలు ఎగసిపడుతున్నాయి, కళ్ళల్లో వెలుగు. అతను గబగబా కంబళి తెచ్చి మెడ నుంచి తోక దాకా కప్పేశాడు. మెడని కావలించుకోబోతుండగా వెనక చెప్పుల చప్పుడు.

త్రిపురాంతకం గారు! గడియారం ఉద్యోగిని వెంటబెట్టుకుని మరీ వచ్చారు. ఆయన కళ్ళల్లో కూడా ఒక వెలుగుంది. అది చూసి వరహాలు గుర్రానికి అడ్డంగా నిలబడ్డాడు.

"వరహాలూ! జనం ఎలా అరిచారో విన్నావా? ఈ ఇంటికి మరలుటలో మనకో కొత్త పందెం కనిపిస్తోందయ్యా. వచ్చే ఏడు నుంచి పెట్టేద్దాం. ఏటేటా బద్దలుకొట్టడానికి మొదటి రికార్డు నమోదు చేయాలి, ఇది ఇంటికి రావడానికి ఎంతసేపు పట్టిందో చెప్పు. గడియారం వాడు మూర్ఛలో ఉండి చూడలేదట."

వరహాలు కంబళి కొస లాగి, బయటికి కనబడుతున్న నురుగుని కప్పాడు.

"ఏటోనండీ. సాలాసేపే పట్టింది. దార్లో ఆ పూలతోటల కాడ ఆగింది, ఫ్లాట్లోల్లని పలకరించింది, ఏదో మేసింది. ఇదిగో, ఇప్పుడే వచ్చింది," అన్నాడు. "పేరే మందాకిని కదండీ బాబూ. నెమ్మదిగానే ఎల్తాది."

కంబళి కింద మందాకిని, అవునన్నట్టు నాలుగడుగులు వెనక్కి వేసి, తన గదిలోకి వెళ్ళిపోయింది.